వినుటయు, తీర్పు చెప్పుటయు

ఈ సంచికకు నేనొక వ్యాసము వ్రాయవలెనని సంఘమువారు కోరినప్పుడు, మన పూర్వుల వలసను గూర్చియో, మన యిండ్లలోని పండుగలను గూర్చియో వ్రాయుదునని వారనుకొనియుందురు. నేను పండితుడను కాను. పదునొకండవ తరగతి పరీక్షలో ఉత్తీర్ణుడనై, విరుదునగరమున నొక మిరపకాయల, పప్పుల మండీలో గుమాస్తాగా చేరి, నలుబది రెండేండ్లు చిట్టా, ఆవర్జా వ్రాసి విశ్రాంతి పొందినవాడను. ప్రతి దినమును కోవిల్‌పట్టిలో రైలెక్కి, సాత్తూరు మీదుగా సుమారు ఏబది కిలోమీటర్లు పోయి, మరల రాత్రికి ఇల్లు చేరుటయే నా జీవితయాత్ర. ఆ మండీలో మొదటి దినముననే నాకు నేర్పిన నియమమొకటి కలదు: మచ్చు చూడక ధర చెప్పరాదు. గోతాము పైన ఎట్టి ముద్ర యున్నను, తెచ్చినవాడెంతటివాడైనను, గుప్పెడు సరకు తీసి అరచేతిలో పోసి చూచిన పిమ్మటనే మాట యాడవలెను.

సరకు విషయమున ఈ నియమమును నేనెన్నడును తప్పలేదు. మనుష్యుల విషయమున తప్పితిని. ఆ తప్పును నాకు ఎరుక పరచినది అమెరికా దేశపు పాటల సంపుటి యొకటి యనిన, నన్నెరిగినవారు నవ్వుదురు. నవ్వినను సరే, జరిగినది జరిగినట్లు చెప్పెదను.

2025వ సంవత్సరము మే నెలలో, కోయంబత్తూరున ఇంజనీరింగు చదువుచున్న నా మనుమడు సెలవులకు ఇంటికి వచ్చినాడు. వాడు తలుపు మూసికొని వినెడు సంగీతమును గూర్చి మా యిద్దరికిని ఏనాటినుండియో వాదము కలదు. దానిని ‘సైకెడెలిక్ ఆల్టర్నేటివ్ రాక్’ అందురని వాడు చెప్పెను. రాక్ అనగా గిటార్లు, డ్రమ్ములు మ్రోగించెడు సంగీతమని నాకు తెలియును. ఆల్టర్నేటివ్ అనగా రేడియోలలోను, అంగళ్లలోను ఎక్కువగా చెల్లుబడియగు బాణీకి ప్రక్కదారిని పోవునదట. ఇక సైకెడెలిక్ అను మాటను 1950లలో హంఫ్రీ ఆస్మండ్ అను ఆంగ్ల మనోవైద్యుడు గ్రీకు ధాతువులనుండి కల్పించెను. మనస్సును వెల్లడి చేయునది అని దాని యర్థము. ఆయన దానిని కల్పించినది ఎల్.ఎస్.డి. వంటి మందులను పేర్కొనుటకు. 1960లలో ఆ మాట సంగీతమునకును అంటినది.

ఇంతవరకు తెలిసికొని నేను, “మత్తు మందు పేరు పెట్టుకొన్న పాట మన యింట్లో వద్దు” అని తీర్పు చెప్పితిని.

“విన్నావా తాతా?” అని వాడడిగినాడు.

“వినేదెందుకురా? పేరు చాలదా?”

వాడు కోపగింపలేదు. “మచ్చు చూడకుండా ధర చెప్పకూడదని నాకు చెప్పింది నువ్వే కదా” అనెను. వానికి పదేండ్ల ప్రాయమున నేను చెప్పిన మాటను వాడు దాచియుంచి నాకే తిరిగి అప్పగించినాడు. గుమాస్తాకు బదులు చెప్ప నలవికాలేదు.

వాడు వినిపింపదలచిన సంపుటి పేరు ‘జైరీకా’. 1983లో ఓక్లహోమా రాష్ట్రమున ఏర్పడిన ‘ఫ్లేమింగ్ లిప్స్’ అను బృందమువారు దీనిని 1997లో వెలువరించిరి. ఇందు ఎనిమిది పాటలు కలవు. అయితే సీడీలు నాలుగు. ఒక్కొక్క సీడీలో రెండేసి పాటలున్నవని తలపరాదు. ప్రతి సీడీలోను ఎనిమిది పాటలును ఉన్నవి, కాని ప్రతి పాటలోను కొంత భాగమే యున్నది. ఒకదానిలో గాత్రము ముందుకు వచ్చును, మరొకదానిలో వాద్యములు, వేరొకదానిలో ఏదో మ్రోత. నాలుగు యంత్రములు తెచ్చి, నాలుగింటిని ఒక్క క్షణమున మ్రోగించినగాని పాట పూర్తికాదు. అనగా యంత్రమొకటే కలవానికి, ఒంటరిగా కూర్చుండి వినువానికి, ఇది అందదు. వినవలెననిన ముందుగా నలుగురిని పిలువవలెను.

ఆ బృందపు నాయకుడగు వేన్ కోయిన్ అంతకు కొంతకాలము ముందు తన ఊరిలో మోటారు కార్లు నిలుపు స్థలమున పదులకొద్ది కార్లను రప్పించి, ఒక్కొక్క కారునకు ఒక్కొక్క కాసెట్టు నిచ్చి, సంజ్ఞ చేయగానే అందరును ఒక్కసారిగా మ్రోగించునట్లు ప్రయోగము చేసెనట. ఈ మాట వినగానే నాకు మన చెణ్బగవల్లి అమ్మవారి ఉత్సవములు జ్ఞప్తికి వచ్చినవి. వీధి వీధికిని కట్టిన గొట్టపు లౌడుస్పీకర్లలో ఒకే పాట వచ్చుచుండగా, దగ్గరి గొట్టము ముందు పలుకును, దూరపు గొట్టము వెనుక పలుకును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోగలదు గనుక, మూడు వీధుల అవతలి పాట మనకు ఒక సెకను ఆలస్యముగా చేరును. చిన్నతనమున మేము వీథి మలుపున నిలిచి, ఒక పాట రెండు పాటలై ఒకదానినొకటి తరుముకొని పోవుటను విని ఆనందించెడివారము. అమెరికావాడు కార్లతో చేసిన దానిని మా ఊరు గొట్టములతో తెలియకయే చేసినది.

ఇక ఆ సాయంకాలమును గూర్చి. మా మనుమడు నాలుగు సీడీల ధ్వనిని నాలుగు ఫోనులలో పెట్టి, ఒక్కొక్క ఫోనునకు ఒక చిన్న స్పీకరు తగిలించినాడు. నేను, నా భార్య, వాడు, మువ్వురము. నాలుగవవారుగా ప్రక్కయింటి అణ్ణాచ్చిని పిలిచితిమి. ఆయన తమిళుడు, నూలు మిల్లులో ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి గొన్నవాడు. నడవలో నాలుగు మూలల నలుగురము కూర్చుంటిమి. మనుమడు తమిళమున ఒకటి, రెండు, మూడు అని చెప్పగా నలుగురమును వ్రేలు నొక్కితిమి. ఒకరి వ్రేలికిని మరొకరి వ్రేలికిని రెప్పపాటు భేదముండకపోదు. రెండు ధ్వనులు మిక్కిలి దగ్గరగా వచ్చినచో చెవి వానిని ఒకటిగానే గ్రహించును. ఎడము కొంచెము పెరిగినచో ప్రతిధ్వనిగా వినును. అందుచేత ఈ సంపుటి రెండుసార్లు ఒకే విధముగా వినబడదు. కర్తలు కోరినదియు అదియే.

మొదట నాకు వినబడినది అల్లరియే యని ఒప్పుకొనుచున్నాను. సన్నని గొంతుతో నొకడు పాడుచున్నాడు. డ్రమ్ములు ఒకమూల మొదలై మరొకమూల మారు మ్రోగుచున్నవి. ఒక పాటలో చెవికి బాధ కలిగించునంత హెచ్చు స్థాయి ధ్వనులును, గుండెకు తగులునంత తగ్గు స్థాయి ధ్వనులును కలవు. అవి తల త్రిప్పవచ్చునని కర్తలే సంపుటిపై హెచ్చరించిరట. ఆ పాటను నా భార్య కోరికపై మధ్యలోనే ఆపితిమి. మరియొక పాట చివర కుక్కలు మొరుగును. నాలుగు మూలలనుండి నాలుగు ఫోనులు మొరుగగా, మా వీధి కుక్కలు వాకిటికి వచ్చి బదులు చెప్పినవి. అణ్ణాచ్చి నవ్వి నవ్వి కన్నులు తుడుచుకొనెను. వేరొక పాట 2025వ సంవత్సరమున పనికి పోవుటను గూర్చినదట. 1997లో ఎవ్వడో దూరపు భవిష్యత్తుగా ఊహించిన ఏడు మాకు గోడమీది క్యాలెండరులో వ్రేలాడుచున్నది. నలుబది రెండేండ్లు రైలులో పనికి పోయిన నాకు ఆ పాట పేరు వినగానే ఏదో జాలి కలిగినది. అది ఆ పాటపైనో, నాపైనో చెప్పజాలను.

ముగిసిన పిమ్మట మనుమడు ఒక్కొక్కరి అభిప్రాయము నడిగినాడు. అణ్ణాచ్చి, “మిల్లులో రాత్రి షిఫ్టులా ఉంది, వేయి కదుళ్లు తిరుగుతుంటే లోపలనుంచి ఎవరో పాడినట్టుంటుంది, నాకా పాట ముప్పది యేండ్లు వినిపించింది, ఎవరికి చెప్పినా నమ్మలేదు” అని తమిళమున చెప్పెను. నా భార్య, వంటయింటి వాకిటి కడ కూర్చున్నది, “ఒకరు పిలుస్తున్నారు, ఇంకొకరు ఆలస్యంగా పలుకుతున్నారు, దూరదేశంలో ఉండే బిడ్డతో ఫోనులో మాట్లాడినట్టుంది” అనెను. మనుమడు, “ఎవరో చనిపోయిన యింట్లో నలుగురు ఒకేసారి మాట్లాడినట్టుంది” అనెను. నాకు మాత్రము ఒక మ్రోత వెంటాడుచుండెను. అది మన కంబళపువారి ఉత్సవములలో మ్రోగు ఉరుమి వాద్యపు మూలుగువలె నుండెను. తోలుపై పుల్లను రాచినప్పుడు పుట్టెడు ఆ లోతైన ధ్వని అమెరికా పాటలో నుండునా? ఉండదు. అయినను నేను దానినే వింటిని.

పిమ్మట వాడు మమ్ము చోట్లు మార్చుకొని కూర్చుండుమనెను. రెండవసారి నా భార్య చోటున కూర్చుండగా నాకు ఉరుమి వినబడలేదు. ఆమె చెప్పిన పిలుపు వినబడెను. మూడవసారి, మాకు చెప్పకయే, వాడు ఒక ఫోనును ఆపివేసినాడు. పాట సాగుచునే యుండెను. “పాట ఆగలేదు గాని, ఇంట్లోనుంచి ఎవరో లేచిపోయినట్టుంది” అని నా భార్య అనెను. ఆ మాట నా మనసున నాటినది. దాని కారణమును తరువాత చెప్పెదను.

ఇప్పుడు ప్రశ్నకు వత్తును. నలుగురు నాలుగు విధముల విన్నప్పుడు, ఎవరు విన్నది సత్యము? మన పెద్దలు ఇట్టి సందర్భమున అంధగజ న్యాయమును చెప్పుదురు. తోకను తాకినవాడు త్రాడనును, చెవిని తాకినవాడు చేట యనును; కన్నులున్నవాడు చూచి ఏనుగు అనును. కాని ఆ కథలో ఏనుగు ముందే పూర్తిగా నిలిచియున్నది. అంధులు రాకపోయినను ఏనుగునకు లోటు లేదు. ఈ సంపుటి విషయమున అట్లు కాదు. నలుగురు కూడనిదే పాటయే లేదు. కూడినను, గదిలో ప్రతి చోటును ఒక మూలకు దగ్గర, మరొక మూలకు దూరము. పూర్తి పాటను వినుటకు తగిన చోటు ఎక్కడను లేదు. కావున అణ్ణాచ్చి విన్న మిల్లు అబద్ధము కాదు, నేను విన్న ఉరుమి అబద్ధము కాదు. కాని “నేను విన్నదే పాట” యని మాలో నెవ్వడైన ననినచో అది అబద్ధమగును. తన చోటినుండి విన్నదానిని ఉన్నదున్నట్లు చెప్పుట, తక్కినవారి చోటున కూడ ఒకసారి కూర్చుండుట, ఈ రెండును చేసినవాని అభిప్రాయమునకు విలువ కలదు.

విననివాని అభిప్రాయమునకు విలువ యెంత? ఈ సంపుటికి అమెరికాలోనే జరిగిన మర్యాదను వినుడు. సంగీత విమర్శలు ప్రకటించెడు పిచ్‌ఫోర్క్ అను పత్రిక దీనికి పదింటికి సున్న మార్కు వేసినది. నాలుగు యంత్రములు సమకూర్చుకొనుమని వినువానిని కోరుట అన్యాయమని విమర్శకుని ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో కొంత న్యాయము లేకపోలేదు. పేదవానికి నాలుగు యంత్రము లెక్కడివి? అయితే నాలుగు యంత్రములు లేనివానికి నలుగురు స్నేహితులుండవచ్చును గదా! శ్రమ యధికమని చెప్పుట వేరు. సరకునకు సున్న ధర కట్టుట వేరు. కొన్నాళ్లకు, 2010 ప్రాంతమున, ఆ పత్రికలోనే పనిచేసిన మార్క్ రిచర్డ్‌సన్ అను నాతడు ఈ ఒక్క సంపుటిని గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. ఒకే కార్యాలయమున ఒక బల్లపై సున్న, మరొక బల్లపై గ్రంథము. సరకు మారలేదు, వినుట మారినది.

ఇక్కడ నొక ఆక్షేపణ రావచ్చును. “లోకమున ఎన్నియో పాటలున్నవి. అన్నిటిని వినుటకు ఆయుస్సు చాలునా? చెడ్డదానిని కూడ విని తీరవలెనా?” అని. మత్తును గూర్చిన నా భయము కూడ వట్టిది కాదు. ఆ బృందములోని వాడొకడు హెరాయిన్ వ్యసనమునకు లోబడి పడిన బాధను 2005లో వచ్చిన డాక్యుమెంటరీ చిత్రము దాచక చూపినదని మా మనుమడే నాకు చెప్పినాడు. “పాట వింటే మత్తు రాదు తాతా; మత్తు ఏం చేస్తుందో నాకు ఆ సినిమా వల్లనే తెలిసింది” అనెను. ఆ మాటతో నా భయము తీరలేదు గాని, వాడు భయమెరిగినవాడని తెలిసి నెమ్మదించితిని. ఆక్షేపణకు నా సమాధానమిది: వినకుండుటకు మనకు అధికారము కలదు. వినకయే తీర్పు చెప్పుటకు లేదు. మచ్చు చూడ నిష్టము లేనివాడు గోతామును దాటి పోవచ్చును. కాని పోవుచు పోవుచు “పుచ్చు సరకు” అని కేక వేయరాదు.

ఈ విషయమున మన ప్రక్కవారినుండి మనము నేర్చుకొనవలసినది కలదు. తెలుగు మాటలు గల కీర్తనలను తమిళదేశపు శ్రోతలు తరతరములుగా తల యూచి వినుచున్నారు. వారిలో ఎందరికో మాట తెలియదు. అయినను వారు లేచి పోలేదు. 1943లో రాజా అణ్ణామలై చెట్టియారు మదరాసున తమిళ ఇసై సంఘమును స్థాపించినప్పుడు, మా భాషలో కూడ పాడుడు అని వారడిగిరి. అది న్యాయమైన కోరిక. తన భాషలో పాట వినవలెనను ఆకలి ఏ చెవికైనను సహజము. మాట తెలియని పాటను మర్యాదతో వినుటయు, తన మాటలో పాటను కోరుటయు, రెండును ఒకే హృదయమున ఇముడునని ఆ శ్రోతలు చూపిరి.

మా ఊరిలో స్థిరపడిన నాగస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలమును తెలియనివారు ఈ ప్రాంతమున లేరు. ఆయన 1964లో గతించినప్పుడు నాకు ఆరేండ్లు. ఆయన మ్రోగించుచుండగా సైకిలు దిగి వీధిలో నిలుచుండిపోయితినని మా నాయన చెప్పుచుండెడివాడు. 1962లో వచ్చిన ‘కొంజుం సలంగై’ చిత్రమున ఆయన నాగస్వరముతో పాటు పాడినది తెలుగు ఆడపడుచైన ఎస్. జానకి. ఆ చిత్రమే తెలుగున ‘మురిపించే మువ్వలు’గా వచ్చినది. గొంతు రెండు భాషలలో పాడినది. నాగస్వరము మాత్రము ఏ భాషకును మారక రెంటిలోను అదియే. ఆ చిత్రపు పాట వచ్చినప్పుడు మా యింటిలోను అణ్ణాచ్చి యింటిలోను నేటికిని పని యాగిపోవును.

ఇక నేను వాయిదా వేసిన మాటను చెప్పవలెను.

మా అవ్వ, అనగా మా నాయన తల్లి, పాడెడిది. చదువు లేదు. నల్లరేగడిలో ప్రత్తి తీయునప్పుడును, రోటిలో సజ్జలు దంచునప్పుడును పాడెడిది. అవి తెలుగు పాటలు. అయితే పుస్తకముల తెలుగు కాదు. తరతరములుగా ఈ నేలపై నిలిచి, తమిళపు నీరు త్రాగి పెరిగిన తెలుగు. 1980లో మా మేనమామ కొడుకు మలేషియానుండి ఒక టేపురికార్డరు తెచ్చి నెల దినములు మా యింట నుంచెను. దానితో పాటు అరువది నిమిషముల ఖాళీ కాసెట్టు ఒకటి. అప్పుడు నాకు ఇరువది రెండేండ్లు, క్రొత్తగా ఉద్యోగము. అవ్వ ఆ యంత్రమును చుట్టివచ్చి చూచి, “నా పాట గూడ అందులో పట్టరా, నాయనా” అని అడిగినది.

నేను నవ్వితిని. “నీ పాట ఎవరికి అర్థమవుతుంది అవ్వా? తెలుగువాళ్లు తెలుగు కాదంటారు, తమిళంవాళ్లకు తెలియనే తెలియదు” అంటిని. ఆ కాసెట్టు రెండు ప్రక్కలను రేడియోనుండి సినిమా పాటలు పట్టితిని. అవ్వ మరల అడుగలేదు. 1981 వేసవిలో ఆమె పోయినది.

ఆ పాటలను నేను వినలేదా? చెవిని పడినవి. కాని వినలేదు. మిత్రులు ఇంటికి వచ్చినప్పుడు ఆమె పాడుచుండినచో సిగ్గుపడి తలుపు మూసెడివాడను. మనుమడు తలుపు మూసికొని విన్నాడని నేను కోపగించితిని. నేను తలుపు మూసినది వినకుండుటకు. వినకుండుటకు మనకు అధికారము కలదని పైన వ్రాసితిని. ఆ మాటకు ఇక్కడ నొక హద్దు గీయవలెను. వేయిమంది వినెడు పాటను నేను వినకున్న లోపము లేదు. అమెరికా బృందమునకు కోవిల్‌పట్టి గుమాస్తా వినకపోయినంత మాత్రమున ఏమి తక్కువ? కాని మరెవ్వరును వినుటకు లేనివారి పాటను, వారు నోరు తెరచి అడిగినప్పుడు, వినకపోవుట స్వేచ్ఛ యనిపించుకొనదు. అది అప్పు ఎగవేయుట. అవ్వకు శ్రోతలు మేమే. మేము లేచిపోతిమి, పాట పోయినది.

అదే కాలమున మా ఊరికి సమీపమున ఇడైసేవల్ గ్రామమున కి. రాజనారాయణన్ ఉండెడివారు. ఇంట తెలుగు మాటలాడి తమిళమున వ్రాసిన ఆయన, మన పూర్వుల వలసను గూర్చి ‘గోపల్ల గ్రామము’ అను నవలను వ్రాసిరి. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. ఆయన చేసిన పనియెల్ల నల్లరేగడి ముసలివారి కడ కూర్చుండి వినుట. విని, వారి కథలను, వారి మాటలను పోగుచేయుట. నాకు సిగ్గు కలిగించిన మాటలే ఆయనకు ధనమైనవి. ఆయనకు నాకు భేదము చదువులో లేదు. ఆయన బడిలో ఎక్కువ చదివినవారు కారు. ఆయన వినిరి, నేను వినలేదు.

వ్రాసి పెట్టినంత మాత్రమున చాలునా యనిన, అదియు చాలదు. ఎట్టయపురము మా ఊరికి సుమారు పదునైదు కిలోమీటర్లు. 1835లో ముత్తుస్వామి దీక్షితులు అచ్చటనే దేహము చాలించిరి. వారి వంశమున పెరిగిన సుబ్బరామ దీక్షితులు 1904లో అచ్చటనుండియే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చువేయించిరి. అంతటి గ్రంథము మన లిపిలో, మన జిల్లాలో పుట్టినది. నేడు మన బిడ్డలలో ఎందరు దానిని తెరచి ఒక అక్షరము చదువగలరు? దానిని తమిళ లిపిలో ప్రకటించి, చదివి, పాడి నిలిపినవారిలో తమిళులెందరో కలరు. పుస్తకమున నున్నది స్వరముల గుర్తు. పాట యగుటకు ఒక గొంతును, ఒక చెవియు కావలెను.

ఆ సాయంకాలము మనుమడు ఫోను నొకదానిని ఆపినప్పుడు నా భార్య అనిన మాట నన్నిందుకే తాకినది. మా యింటిలో ఎప్పుడో ఒక యంత్రము ఆగిపోయినది. పాట సాగుచున్నట్లే యున్నది: ఇంట తెలుగు మాటలాడుచున్నాము, పండుగలు చేయుచున్నాము. కాని ఎవరో లేచిపోయిరి.

నేను ఈ సంగతిని ఆ రాత్రి మనుమనికి చెప్పితిని. వాడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “నీకు ఎంత గుర్తుందో అంత పాడు తాతా” అనెను. నా గొంతు గుమాస్తా గొంతు. అయినను దంపుడు పాట యొకటి వరుస మాత్రము ఊది చూపితిని. మాటలు మొదటి రెండు చరణములకు మించి రాలేదు. అప్పుడు వంటయింటినుండి నా భార్య, తన తల్లిగారి ఊరున ఇట్టిదే యొకటి పాడెడివారని చెప్పి, మూడవ చరణము నందుకొన్నది. ఆమె మాటలు కొంచెము వేరు. అణ్ణాచ్చికి మాట తెలియదు. కాని ఆయన స్తంభముపై వ్రేళ్లతో దెబ్బ వేసి, రోకలి పోటు ఎక్కడ పడవలెనో పట్టుకొన్నాడు. మనుమడు ఫోనులో దానిని పట్టినాడు. వినగా సగము పాట. అందులో దగ్గు కలదు, నవ్వు కలదు, వీధి కుక్క మొరుగు కూడ కలదు. నాలుగు చోట్ల నున్న నాలుగు ముక్కలు ఒక నడవలో కూడినవి. నలుబది యైదేండ్లు ఆలస్యమైనది. అవ్వ అడిగినది అది కాదు, ఆమె గొంతు అందులో లేదు. ఆ బాకీ తీరదని నాకు తెలియును. ఆవర్జాలో దానిని కొట్టివేయను.

ఆ అమెరికా సంపుటి నాకు నచ్చినదా యని మీరడుగవచ్చును. ఎనిమిదింటిలో రెండు నచ్చినవి, మూడు నచ్చలేదు, ఒకటి చెవికి పడలేదు, తక్కిన రెండింటిని మరల వినినగాని చెప్పజాలను. ఇట్లు చెప్పుటకు నాకిప్పుడు హక్కు కలదు. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని పెద్దలు వరుస పెట్టిరి. శ్రవణమును ముందుంచుటకు కారణము లేకపోలేదు. మనలో అనేకులము మననముతో మొదలుపెట్టి తీర్పుతో ముగించుచున్నాము.

సంఘ సభ్యులకు నా మనవి యొకటి. మన వార్షికోత్సవమునకు వచ్చునప్పుడు మీ యింటి పెద్దవారిలో పాడగలవారిని వెంట తీసికొనిరండు. సగమే వచ్చునన్నను తీసికొనిరండు. మిగిలిన సగము విరుదునగరమునుండి వచ్చినవారి కడ నుండవచ్చును. పిల్లలు తమ ఫోనులలో వినెడు పాటలను కూడ తెచ్చి మనకు వినిపింపనిండు. అది మనకు నచ్చకపోవచ్చును. కూర్చుండి విందము; విన్న పిమ్మట చెప్పుదము.

ఈ వ్యాసమును నా మనుమడు చదువలేడు. వానికి తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు; 2006లో వచ్చిన శాసనము వలన మన రాష్ట్రపు బడులలో తమిళము తప్పనిసరి యైన పిమ్మట చదువనారంభించిన తరము వాడు. నేర్పవలసిన వాడను నేనుండియు నేర్పలేదు గనుక శాసనముపై నేరము మోపను. సంచిక చేతికి వచ్చిన దినమున దీనిని వానికి నేనే చదివి వినిపించెదను. వాడు వినును. ఆ విషయమున నాకు సందేహము లేదు.